మూడో చాప

గోడ అవతలి నుంచి వచ్చేది ఆ చప్పుడు. కటకటమని ఒక పరుగు, చిన్న ఆగడం, మళ్లీ పరుగు. 2009 జూన్‌లో, మేడ్చల్ రైలు పట్టాల అవతల, రేకుల కప్పు వేసిన ప్రార్థన మందిరం పక్క గదిలో నేను అద్దెకు దిగాను. తెనాలి నుంచి వచ్చి ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరాను. ఇక్కడి మాట ఇంకా చెవికి అలవాటు కాలేదు కానీ ఆ చప్పుడు వెంటనే అర్థమైంది. కుట్టుమిషను. పొడుగు పరుగైతే చీర అంచు. ఆగి ఆగి కదిలితే రవికె చంక దగ్గర మలుపు. మనిషిని చూడకముందే, వారం రోజులపాటు, ఆ మనిషి చేతులతో నాకు పరిచయం.

ఆదివారం మందిరంలో మొదటి పాట ఎత్తుకోగానే గోడ వెనక మిషను ఆగిపోయింది. రెండో చరణానికల్లా గుమ్మం బయట, చెప్పులు విడిచే చోట, ఒక గొంతు పాటలో కలిసింది. మగవాళ్ల గొంతు కన్నా కొంచెం పైన, ఆడవాళ్ల గొంతు కన్నా కొంచెం కింద, రెండు ఇళ్ల మధ్య సందులో పారే వాననీళ్లలా. నేను వెనక్కి తిరిగాను. పక్కన కూర్చున్న బాలనర్సమ్మ నా మోకాలు గిల్లింది. మార్కెట్లో కూరగాయలమ్మే మనిషి. మందిరంలో ఆడవాళ్లందరికీ ఆమే పెద్ద.

"ముందటికి సూడు టీచరమ్మా. ఆడ చెప్పులు తప్ప ఏం లెవ్వు."

మరుసటి శనివారం రవికె గుడ్డ పట్టుకొని పక్కగది తలుపు తట్టాను.

"లోపటికి రా అక్కా. చెప్పులు ఇడవకు, నేలంత సూదులే."

పొడుగు మనిషి. మెడలో కొలతల టేపు, పైట చెంగుకు గుచ్చిన రెండు సూదులు, పసుపు రాసినా గడ్డం మీద దాగని పచ్చటి నీడ. ముప్పై లోపు వయసు. నేను గుమ్మంలోనే తడబడ్డాను. ఆమెకది అలవాటే.

"సూడు, మంచిగ సూడు. సూసుడు అయినంక చేతులు సాపు, కొలత తీస్త."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. పేరు అడిగాను.

"తబిత. అయ్యగారు ఒక ఆదివారం ప్రసంగంల చెప్పిండు, తబిత అని ఒకామె విధవలకు బట్టలు కుట్టిచ్చేదట. గడప కాడ కూసోని ఇన్న. నా పేరు గిదే అనుకున్న."

పుట్టినప్పుడు పెట్టిన పేరు మరొకటి ఉంది. సంఘంలో అందరికీ తెలుసు. దాన్ని ఇక్కడ రాయను.

అలియాబాద్ పక్క ద్రాక్షతోటల్లో ఆమె తండ్రి కూలి పని చేసేవాడు. ఆయన పోయాక తల్లి సువార్తమ్మ మేడ్చల్ వచ్చి ఈ గదిలో ఉంటూ మందిరం ఊడ్చేది. పదహారో ఏట బిడ్డ ఇల్లు విడిచింది. సికింద్రాబాద్ దుకాణాల ముందు, తనలాంటి వాళ్లతో కలిసి, చప్పట్లు కొట్టి బతికింది. ఆ ఏళ్ల గురించి ఎక్కువ చెప్పేది కాదు. అవి విడిచేసి మచ్చ బొల్లారంలో మెహ్జబీన్ అనే ముసలి దర్జీ దగ్గర, ఖాలా అని పిన్ని వరస పెట్టి పిలుస్తూ, పని నేర్చుకున్న సంగతి మాత్రం ఎన్నిసార్లయినా చెప్పేది.

"ఖాలా నన్ను ఏందని అడగలే, ఎవలని అడగలే. 'కాజా కుట్టుడు వస్తదా బేటీ?' అన్నది. రాదన్న. 'కూసో' అన్నది. గంతే. బేటీ అన్నంక ఇగ లేస్తనా అక్కా?"

తల్లికి జబ్బు చేసిందని తెలిసి తిరిగొచ్చింది. ఏడాదిపాటు ఎత్తి దించి చూసుకుంది. తల్లి పాత పేరుతోనే పిలిచేది, పిలిచి ఏడ్చేది. నేను రావడానికి మూడు నెలల ముందు, చివరి రోజున, కళ్లు మూసుకునే "తబితా, మంచినీళ్లియ్యే" అందట.

"ఒక్కసారే పిలిచింది అక్కా. నీళ్లు తాగింది, పండుకున్నది. ఇగ లేవలే. లోటా గట్లనే ఉన్నది సూడు."

కుట్టాల్సిన గుడ్డల కట్టల మీద, అలమారలో, ఒక స్టీలు లోటా బోర్లించి ఉంది.

కొలతలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాక, టేపు చుట్టుకుంటూ, నావైపు చూడకుండా అంది:

"నువ్వు మందిరంల కిటికి కింద కూసుంటవు గదా, గోడకు ఒరిగి. గది మా అమ్మ జాగ."

 ఇకనుంచి మరో చోట కూర్చుంటానన్నాను.

"వద్దక్కా. ఖాళీగుంటే అమ్మ లేదని ఎర్కైతది. ఎవలో ఒకలు ఉండాలె. నాకు నీ పక్కకు జానెడు జాగ దొరికితే సాలు."

ఆ జానెడు చోటు విలువ తెలియాలంటే ఆ సంఘం పద్ధతి చెప్పాలి. మందిరంలో రెండే రెండు పొడవాటి తుంగ చాపలు. కుడివైపుది మగవాళ్లది, ఎడమవైపుది ఆడవాళ్లది. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల. రొట్టె పళ్లెం పాస్టరు చేతి నుంచి ఒక్కో చాపలో ముందు కూర్చున్న వాళ్లకు వస్తుంది. అక్కడి నుంచి చేతి నుంచి చేతికి. ముక్క తుంచుకొని, పళ్లెం పక్కవాళ్లకు ఇచ్చేటప్పుడు వరస పెట్టి పిలవాలి. వదినా, నీ కొరకు. అత్తా, నీ కొరకు. బిడ్డా, నీ కొరకు. వరస పలకకుండా పళ్లెం కదలదు. యాభై ఏళ్ల కిందట మాలవాడా మాదిగవాడా కలిసి ఈ సంఘం పెట్టుకున్న కొత్తలో ఒకరి చేతిది ఒకరు తినేవారు కాదట. మొదటి పాస్టరు చాలా ఆలోచించి ఈ పద్ధతి తెచ్చాడు. అత్తా అని పిలిచాక ఆ చేతిది ఎలా కాదంటారని. ఎక్కడో తెనాలి నుంచి వచ్చిన నన్ను కూడా మొదటి నెలలోనే బాలనర్సమ్మ "బిడ్డా, నీ కొరకు" అంది. ఊరు కాని ఊళ్లో ఆ మాట విని, రొట్టె నమలడం మరిచిపోయి చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తబితకు కావలసింది అదొక్కటే. తల్లి చోటు పక్కన కూర్చోవాలి. ఒక ఆడమనిషి తనవైపు తిరిగి, ఏదో ఒక వరస పెట్టి, పళ్లెం అందించాలి.

కానీ బాప్తిస్మం కానివాళ్లకు ఆ పళ్లెం అందదు. బాప్తిస్మం ఇవ్వాల్సింది పాస్టరు సోమయ్యగారు. ఆయన మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగింది కూడా ఆ మంచితనంలోంచే వచ్చింది. బల్ల మీద పరిచే తెల్లగుడ్డ ఉతికి ఇస్త్రీ చేసేది తబితే. దానికోసం వచ్చినప్పుడల్లా ఆయన గుమ్మం దగ్గర కాసేపు నిలబడేవాడు.

"లుంగీ, అంగీ ఏసుకొని రా బిడ్డా. అమ్మ పెట్టిన పేరుతోనే ముంచుత. తరువాతిది తరువాత సూద్దం."

"నీళ్లల్లకెళ్లి లేస్తే కొత్త మనిషని మీరే అంటరు గదా అయ్యగారూ. పాత పేరు, పాత అంగీతోని లేస్తే నేను కొత్త మనిషినెట్లయిత?"

ఆయన మడత పెట్టిన గుడ్డను మళ్లీ మడత పెట్టాడు.

"నాకు సమజైతది. గని సంఘం ఉన్నది గదనే."

"సంఘమంటె గాలయ్య పెదబాపే గదా."

ఆయనకు నవ్వాగక కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. గాలయ్య సంఘ పెద్ద. మందిరం నిలబడిన జాగా ఆయన తండ్రి ఇచ్చిందే. నవ్వాడు గానీ సోమయ్యగారు గాలయ్యను అడగలేదు. తబిత గడప బయటే ఉండిపోయింది.

ఐదేళ్లు. ఎండాకాలం గడప రాయి కాలేది, కింద చిన్న పీట వేసుకునేది. వానాకాలం మా చెప్పులన్నీ చూరు కిందికి జరిపి, తాను తడిసేది. తెలంగాణ కోసం బస్సులూ రైళ్లూ ఆగిపోయిన నెలలో మగవాళ్లు పట్టాల మీద కూర్చుంటే, మందిరంలో మగవాళ్ల చాప ఖాళీగా ఉండేది. అప్పుడు కూడా ఎవరూ ఆమెను లోపలికి రమ్మనలేదు. ఆమె కూడా రాలేదు. ఖాళీ ఉంటే కూర్చునే చోటు కాదు ఆమె అడిగింది.

వింత ఏమిటంటే, ఆడవాళ్లందరి రవికెలూ ఆమే కుట్టేది. తలుపు మూసి, పైట తీసి, నిస్సంకోచంగా కొలతలిచ్చేవారు. ఏ మొగుడూ అడ్డు చెప్పలేదు. ఒకసారి బాలనర్సమ్మ కొలతలిస్తుంటే నేనక్కడే ఉన్నాను.

"జర వదులు పెట్టే. పోయినపారి ఊపిరాడక సచ్చిన."

"ఊపిరాడక కాదు అత్తా, మిర్చి బజ్జీలు తిని. నా కొలత తప్పదు, నీ పెరుగుడు ఆగదు."

"థూ, నీ నోట్ల మన్నువడ!" అని బాలనర్సమ్మ ఆమె వీపు మీద ఒకటేసింది. ముగ్గురం నవ్వాం. ఆ నవ్వులో ధైర్యం తెచ్చుకొని నేను అడిగాను:

"ఇక్కడ తలుపు మూసుకొని కొలతలిస్తారు కదా అత్తా. ఆదివారం పక్కన కూర్చోనివ్వరేం? ఇక్కడ చూసే దేవుడే కదా అక్కడా చూసేది?"

బాలనర్సమ్మ పైట సర్దుకుంది.

"దేవుడు రెండు కాడల సూస్తడు బిడ్డా. గాలయ్య ఒక్క కాడనే సూస్తడు."

తబిత పళ్ల మధ్య గుండుసూది పెట్టుకొని వంగి ఉంది. సూది తీయలేదు.

2014 ఏప్రిల్ మధ్యలో ఢిల్లీలోని పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఆడ, మగ అని రాసే చోట మూడోది కూడా ఉంటుందని, తానెవరో చెప్పుకునే హక్కు మనిషిదేనని. రెండు రోజులు టీవీ నిండా అదే. సోమయ్యగారు మడిచిన పేపరు చేతబట్టుకొని పరుగులాంటి నడకతో వచ్చాడు.

"సూసినవా బిడ్డా? పెద్ద కోర్టే ఒప్పుకున్నంక గాలయ్య ఏమంటడు? ఈస్టర్ అయినంక వచ్చే ఆదివారం నీ బాప్తిస్మం. తబిత అనే పిలుస్త. తెల్లచీరనే కట్టుకో."

ఆ వారమంతా గోడ అవతల మిషను ఆగలేదు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి పడుకుంటే ఆ పరుగు నా నిద్రలోకి వచ్చేది. తెల్లచీరకు తెల్ల అంచు వేస్తోంది. తెలుపు మీద తెలుపు ఎవరికి కనిపిస్తుందని అడిగాను. "నీళ్లకు కనవడ్తది" అంది.

బాప్తిస్మం అలియాబాద్ దగ్గర ద్రాక్షతోట సిమెంటు తొట్టిలో. తండ్రి పని చేసిన తోటే. సగం తీగలు అప్పటికే కొట్టేసి ప్లాట్ల రాళ్లు పాతారు. మిగిలిన పందిరి కింద ఆడవాళ్లం పాటలు పాడుతూ నిలబడ్డాం. సోమయ్యగారు నడుం లోతు నీళ్లలో నిలబడి, అందరికీ వినిపించేలా "తబితా" అని పిలిచాడు. ఆమె వెళ్లింది. నీళ్లు ఆమెను మూసుకున్నాయి, మళ్లీ తెరుచుకున్నాయి. లేచినప్పుడు ఆమె ఏడ్వలేదు, నవ్వలేదు. తన పేరు ఇంకా గాలిలో ఉందేమోనని వెతుకుతున్నట్టు పైకి చూసింది. పందిరి ఆకుల్లోంచి పడ్డ ఎండ మచ్చలు ఆమె మొహం మీద కదిలాయి.

తడిచీర మార్చుకోవడానికి చాటు లేదు. బాలనర్సమ్మే ముందుకొచ్చి, ఒక దుప్పటి రెండు చేతులతో అడ్డం పట్టి నిలబడింది.

"జల్దీ మార్చుకోయే, చేతులు గుంజుతున్నయ్. ముసలిదాన్ని దర్వాజ జేసినవ్."

దుప్పటి వెనక నుంచి తబిత నవ్వు వినిపించింది. ఐదేళ్లలో అంత పెద్దగా నవ్వడం నేను వినలేదు.

మే మొదటి ఆదివారం ఆమె గడప దాటింది. కుడికాలు లోపల పెట్టి ఒక్క క్షణం ఆగింది. ఆడవాళ్ల చాప మీద నేను గోడవైపు ఒదిగి, పక్కన చోటు చేశాను. అప్పుడే సోమయ్యగారు వెనక నుంచి పిలిచాడు.

"ఇటు బిడ్డా, ఇటు. నీకోసం కొత్తది తెచ్చిన."

రెండు చాపల మధ్య, కొంచెం వెనగ్గా, మూడో చాప. కొత్త తుంగ వాసన ఇంకా పోలేదు. ఒక మనిషి పట్టేంత. ఆయన మొహం వెలిగిపోతోంది. గాలయ్యను ఒప్పించడానికి వారం రోజులు తిరిగాడట. ఆడవాళ్ల చాప మీద వద్దు, మగవాళ్ల చాప మీద ఆమె కూర్చోదు. కోర్టు మూడోది అంది కదా, అందుకని ఇది. ఎవరికీ బాధ లేకుండా.

తబిత ఆ చాపను చూసింది. తర్వాత కిటికీ కింద నా పక్కన ఖాళీని చూసింది. వెళ్లి కొత్త చాప మీద కూర్చుంది.

పళ్లెం మగవాళ్ల చాప మీద తిరిగింది. ఆడవాళ్ల చాప మీద తిరిగింది. చివర నా దగ్గర ఆగింది. నా దగ్గర నుంచి గాలయ్య అందుకొని, వెళ్లి, ఆమె ముందు చాప మీద పెట్టాడు. చేతికివ్వలేదు. ఏ వరసా పలకలేదు. ఆమె ముక్క తుంచుకుంది. అలవాటుగా, పక్కవాళ్లకు ఇవ్వడానికి పళ్లెం ఎత్తింది. అటు చూసింది. ఇటు చూసింది. ఎవరూ లేరు. మెల్లగా కింద పెట్టేసింది.

ఆరాధన అయ్యాక సోమయ్యగారు అడిగాడు, "ఖుషేనా బిడ్డా?"

"ఖుషే అయ్యగారూ."

ఆ మధ్యాహ్నం ఆమె గదిలో మంచం మీద కూర్చున్నాను. ఆమె మిషను ముందు కూర్చుంది. తొక్కలేదు, చక్రం మీద చేయి మాత్రం పెట్టుకుంది. పేపరు నేను పూర్తిగా చదివానని, ఎవరైనా తాను ఆడదాన్నని చెప్పుకున్నా చెల్లుతుందని అందులో ఉందని, పాస్టరుగారు సగమే చదివారని చెప్పాను.

"ఉండనీ అక్కా. మూడోది అనిపించుకునేటోళ్లున్నరు, వాళ్లకు గది మంచిగనే. నాకు కార్డు మీద ఏం రాసినా పరవాలే." చక్రాన్ని అర చుట్టు తిప్పి అంది: "గని మా అమ్మ మూడో చాప మీద కూసోలే గదా."

మే నెలంతా ఆమె ఆ చాప మీద కూర్చుంది. పాటల్లో ఆ గొంతు తగ్గిపోయింది. గడప బయట ఉన్నప్పుడే ఎక్కువ వినిపించేది.

మే చివరి శనివారం గోడ అవతల చప్పుడు లేదు. ఆమె మందిరం తాళం తీసుకొని బల్లగుడ్డ మార్చడానికి వెళ్లిందని, సాయంత్రం దాకా రాలేదని మాత్రం గమనించాను. మరుసటి రోజు జూన్ ఒకటి. ఆ మర్నాడే కొత్త రాష్ట్రం. మేడ్చల్ బజారంతా గులాబీ తోరణాలు కట్టేసి ఉంది. నేను మందిరంలోకి వెళ్లేసరికి బాలనర్సమ్మ ఒక్కతే, ఆడవాళ్ల చాప చివర మోకాళ్ల మీద వంగి చూస్తోంది.

మూడో చాప అక్కడ లేదు. ఆడవాళ్ల చాపకు కలిసిపోయి ఉంది. అంచుకు అంచు చేర్చి, దబ్బనంతో గట్టి నూలుదారం పోసి, కుట్టు గుచ్చుకోకుండా పైన తెల్లగుడ్డ పట్టీ వేసి కుట్టింది. ఆ పట్టీని గుర్తుపట్టాను. నీళ్లకు కనవడ్తదన్న అంచు అది.

బాలనర్సమ్మ కుట్టు మీద వేలు పోనిచ్చింది, ఈ చివర నుంచి ఆ చివరికి.

"నా బిడ్డ లగ్గం జాకెట్టుకు గూడ గింత సన్నగ కుట్టలే, దొంగది" అంది.  తన చోట తాను కూర్చుంది. ఒక్కొక్కరే వచ్చారు. చూశారు, బాలనర్సమ్మ మొహం చూశారు, కూర్చున్నారు. తబిత చివర్న వచ్చింది. తలమీద కొంగు కప్పుకొని, నా పక్కన, కుట్టుకు అవతల కూర్చుంది. ఆమె మోకాలు నా మోకాలికి తగిలింది.

కుట్టు చూసి ఒకసారి ఇంటికెళ్లి వచ్చిన గాలయ్య ముందు వరసలో ఉన్నాడు. వెనక్కి చూడలేదు. పాటలయ్యాయి, ప్రసంగం అయింది. పళ్లెం కదిలింది. అత్తా, నీ కొరకు. వదినా, నీ కొరకు. దగ్గరవుతోంది. బాలనర్సమ్మ నావైపు తిరిగి "బిడ్డా, నీ కొరకు" అంది. నేను ముక్క తుంచుకొని పక్కకు తిరిగాను.

ఆమె చేతులు అప్పటికే చాచి ఉన్నాయి. సూది పోట్లతో గరుకెక్కిన వేళ్లు, గోళ్ల సందుల్లో నిన్నటి తుంగ పీచు. ఆమె నాకన్నా చిన్నది. చెల్లీ, నీ కొరకు. అంతే అనాలి. మూడు మాటలు. నాలుక మీదికి వచ్చాయి.

"టీచరమ్మా, గా పళ్లెం ఇటియ్యి."

గాలయ్య మా ఇద్దరి ముందు నిలబడి చేయి చాచాడు. మందిరమంతా తిరిగి చూస్తోంది. అద్దె ఇల్లు, పరాయి ఊరు, ఆయన తెల్ల మీసాలు. ఇవన్నీ తర్వాత నాకు నేను చెప్పుకున్న సాకులు. ఆ క్షణంలో ఏ కారణమూ లేదు. ఇచ్చేశాను.

ఆ రోజు ఆమెకు రొట్టె రాలేదు.

ఆరాధన అయ్యాక ఎవరూ కదలలేదు. గాలయ్య జేబులోంచి గడ్డం గీసుకునే బ్లేడు తీశాడు. సోమయ్యగారు తబితను అడిగాడు:

"నీకోసమని తెచ్చిన గదనే. గా చాపల ఏం తక్కువైంది?"

"చాప మంచిగనే ఉన్నది అయ్యగారూ. పక్కకు ఎవలు లేరు."

ఆయన గోడవైపు తిరిగాడు. మళ్లీ ఇటు తిరగలేదు. గాలయ్య కుట్టు దగ్గర కూర్చున్నాడు. బాలనర్సమ్మ నడుం మీద చేయి పెట్టుకొని నిలబడింది.

"గాలయ్యా, మీ నాయిన చేతి రొట్టె మా అవ్వ తినకపోతుండె. గప్పుడు గిట్లనే ఎవలన్న బ్లేడు పట్టుకొని కూసుంటే నువ్వు ఏడుండేటోనివి?"

"గది వేరే ముచ్చట." ఆయన బ్లేడు కాగితం విప్పాడు. "మా నాయిన కట్టిన సంఘం నర్సమ్మా. ఇయ్యాల ఇది, రేపు ఇంకోటి. విచ్చుకపోతే ఎవలు కూడగడ్తరు? నువ్వు కూడగడ్తవా?"

 బ్లేడు నడిచింది. తబిత కుట్టు బలమైంది, తొందరగా తెగలేదు. ఆయన చేయి జారి ఆడవాళ్ల చాప అంచు కూడా జానెడు మేర కోసుకుపోయింది. తెల్లపట్టీ రెండు ముక్కలుగా ఊడొచ్చింది. తబిత కింద కూర్చుని, నేల మీద తెగిపడ్డ దారప్పోగులన్నీ ఒక్కొక్కటే ఏరి గుప్పిట్లో పెట్టుకుంది. ఏ పని ముగిశాకైనా దర్జీలు చేసే పనే అది.

ఆమె మళ్లీ ఆరాధనకు రాలేదు. వారం రోజులు గోడ అవతల మిషను తెరిపి లేకుండా నడిచింది. ఒప్పుకున్న రవికెలన్నీ కుట్టి, ఎవరింటికి వాళ్లకు ఇచ్చివచ్చింది. బాలనర్సమ్మది వదులుగా కుట్టిందట. తర్వాత ఒక మధ్యాహ్నం, తొలకరి చినుకుల్లో, గుమ్మం ముందుకు ట్రాలీ ఆటో వచ్చింది. మిషను మీద ప్లాస్టిక్ పట్టా కప్పి కట్టారు. గుడ్డల మూట, పీట, లోటా.

ఖాలాకు కళ్లు సరిగ్గా కనిపించడం లేదని, కాజాలు కుట్టడానికి మనిషి కావాలని కబురొచ్చిందని చెప్పింది. నిజమో కాదో తెలియదు. దసరా సెలవుల్లో నేను మచ్చ బొల్లారం వెళ్లి వెతికాను. ఆ కొట్టులో ఎవరో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. మెహ్జబీన్ కూతురింటికి వెళ్లిపోయిందన్నారు. పొడుగ్గా ఉండే దర్జీ ఎవరో వాళ్లకు తెలియదు. మా గోడ అవతల ఇప్పుడు ఎవరో కాపురముంటున్నారు. ఆదివారం మొదటి పాట ఎత్తుకున్నప్పుడు నాకింకా చెవి అటే పోతుంది, ఏదో ఆగిపోతుందని.

ఆ రోజు వానలో నిలబడి ఆమెకు చెప్పాలనుకున్నాను. "ఆ పళ్లెం..." అని మొదలుపెట్టాను.

ఆమె వినిపించుకోలేదు. ఆటో ముందు సీట్లో ఎక్కి, లోటా ఒళ్లో పెట్టుకుంది. బండి కదిలాక, ఏదో మరిచిపోయినట్టు, తల బయటికి పెట్టింది.

"దబ్బనం, దారం మందిరం కిటికిల పెట్టిన అక్కా. ఆడోళ్ల చాప అంచు కోసుకపోయింది, మడిచి కుట్టున్రి. లేకుంటే ఒక్కొక్క పుల్ల ఊడుకుంట అంత విచ్చుకపోతది. కూసున్నోళ్లకు గుచ్చుకుంటది."